మొదటి గంటకు రాని అమ్మాయి

(అనంతపురంలో డిగ్రీ కాలేజీల అధ్యాపకుల సమావేశంలో ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గార్లకు, తోటి అధ్యాపకులకు, ఆ వెనక నిలబడి ఉన్న ఆఫీసు సిబ్బందికి నమస్కారం. ఆఫీసువాళ్లు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి. నేను ఇవాళ చెప్పబోయేదాంట్లో సగం మీ కౌంటర్ దగ్గరే జరుగుతుంది.

అడ్మిషన్లు పెంచుకోవడం, చేరిన పిల్లల్ని నిలుపుకోవడం, వాళ్ల చేత డిగ్రీ పూర్తి చేయించడం. ఈ మూడింటి మీద మాట్లాడమన్నారు. నా సర్వీసులో మొదటిదాని మీద ఎన్ని మీటింగులకు కూర్చున్నానో లెక్కలేదు. తక్కిన రెండింటి మీద జరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మధ్యలోంచి మొదలుపెడతాను.

బీకాం మొదటి సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. కూడేరు మండలంలో రోడ్డుకు లోపలగా ఉన్న పల్లె. రోజూ బస్సులో వచ్చి పోయేది. మా కాలేజీ తొమ్మిదిన్నరకు. మొదటి గంట నాది. పేర్లు పిలిచేటప్పుడు ఆ అమ్మాయి ఉండేది కాదు. 'ఏ' వేసేవాణ్ణి. ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలకు తలుపు దగ్గర 'మే ఐ కమిన్ సార్' అని చిన్నగా గొంతు వినిపించేది. తల ఊపి కూర్చోమనేవాణ్ణి. వేసిన 'ఏ' మాత్రం మార్చేవాణ్ణి కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు హాజరు ఇస్తే రేపు క్లాసంతా అలాగే వస్తుందని నా నమ్మకం.

సెమిస్టర్ చివర్లో షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టాం. ఆ అమ్మాయి పేరు అందులో ఉంది. హాజరు 75 శాతం కన్నా తగ్గింది, ఆ తక్కువను మన్నించడానికి కండోనేషన్ ఫీజు కట్టాలి. పెద్ద మొత్తమేం కాదు. కానీ పరీక్ష ఫీజు కట్టాల్సిన వారంలోనే ఇదీ వచ్చింది. మర్నాటి నుంచి పిల్ల కాలేజీకి రాలేదు. నిజం చెప్పాలంటే నేను గమనించనే లేదు. మొదటి గంటలో లేకపోవడం ఆమెకు మామూలే కదా అని 'ఏ' వేసుకుంటూ పోయాను. గమనించింది మా అటెండర్. ఆయనది ఆ అమ్మాయి పల్లెకు పక్క ఊరు. 'సార్, ఆ పాప మానేసిందంట' అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

కబురు పెడితే వాళ్ల నాన్న వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. 'సార్, మా పాప ఎగ్గొట్టే పిల్ల కాదు సార్. ఎనిమిదిన్నరకు రావాల్సిన బస్సు తొమ్మిదికొస్తాది. ఒక్కోదినం రానే రాదు. బోర్డులో పేరు చూసినప్పట్నుంచి నాకు సదువొద్దు నాయనా అంటాది' అన్నారు.

ఆయన వెళ్లాక నేనూ, నాలుగో గంట తీసుకునే మేడం గారూ మా రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూశాం. నా రిజిస్టర్లో ఆ అమ్మాయి వరసలో ఏ, ఏ, పీ, ఏ, ఏ. మేడం గారి రిజిస్టర్లో అదే వరసలో, అవే తేదీల్లో అన్నీ పీ. వేలు పెట్టుకుని కిందికి చూసుకుంటూ పోతే ఇంకో ఏడు పేర్లు అలాగే కనిపించాయి. ఎనిమిది మందిదీ ఒకటే రూటు. మూడు నెలలపాటు ఆ బస్సు ఆలస్యాన్ని నేను పిల్లల ఖాతాలో రాస్తూ వచ్చాను. రెండు రిజిస్టర్లూ ఒకే బీరువాలో ఉండేవి. పక్కపక్కన పెట్టి చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ అమ్మాయి సంగతి మళ్లీ చెబుతాను.

ఒకసారి మన ఊరి చదువుల చరిత్ర తలుచుకుందాం. అనంతపురంలో 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ పెట్టారు. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ అదే. రాయలసీమ పిల్లలకు పై చదువంటే మద్రాసు రైలెక్కడమే అనుకునే రోజులవి. ఇంజనీరింగ్ కాలేజీ 1946లో గిండీలో మొదలై 1948లో ఇక్కడికి వచ్చింది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్‌గా 1968లో మొదలైనది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. అటు కడపలో 2006లో యోగి వేమన, కర్నూల్లో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం. నూరేళ్లలో మన పెద్దలు కొట్లాడి కాలేజీలు తెచ్చారు, సీట్లు తెచ్చారు. ఇవాళ డిగ్రీలో సీటు దొరకక ఆగిపోయే పిల్ల మన జిల్లాలో దాదాపు లేదు. సీటు దొరికి, చేరి, ఆగిపోయే పిల్లలు మాత్రం ప్రతి క్లాసులో ఉన్నారు.

నీలం సంజీవరెడ్డి గారు ఆ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థే. 1931లో చదువు మధ్యలో వదిలి స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్లారు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మధ్యలో మానేసిన ప్రతి పిల్లవాడికీ ఆయన్ను ఉదాహరణగా చెప్పేవాళ్లను చూశాను. దయచేసి అలా చెప్పకండి. ఆయన ఒక పెద్ద పని కోసం తానుగా వెళ్లారు. మన పిల్లలు పదిహేను వందల పరీక్ష ఫీజు దగ్గర ఆగుతున్నారు.

దేశంలో చదువుల లెక్కలు ఎలా తీస్తారో చూడండి. 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోలిస్తే ఎంతమంది కాలేజీల్లో నమోదయ్యారన్నదే మనం ఎక్కువగా వినే అంకె. 2021-22 అఖిల భారత సర్వేలో అది 28.4 శాతం. 2035 నాటికి 50 శాతం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మంచి లక్ష్యమే. కానీ అది గుమ్మం దాటి లోపలికి వచ్చినవాళ్ల లెక్క. జూలైలో అరవై మంది చేరితే ఆ అరవై అంకె వైస్ చాన్సలర్ గారి దాకా వెళ్తుంది. మూడో ఏడు మార్చిలో ముప్పై ఎనిమిది మంది పరీక్ష రాస్తే, తక్కిన ఇరవై రెండు మంది గురించి ఏ ఫైలూ కదలదు. మీ కాలేజీ అంకెలు మీకు తెలుసు, మనసులో తలుచుకోండి.

ఇప్పుడు అడ్మిషన్ల దగ్గరికి వస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మండుటెండలో క్యాన్వాసింగ్‌కు ఊళ్లు తిరగని లెక్చరర్ ఈ హాల్లో ఉన్నారా? నేనూ తిరిగాను. ఇంటర్ పిల్లల లిస్టు పట్టుకుని, ఇల్లిల్లూ వెతుక్కుని, మజ్జిగ ఇస్తే తాగి, 'మా కాలేజీలోనే చేర్పించండమ్మా' అని బతిమాలాను. ఆ ఇళ్లలో మనం చెప్పేవన్నీ ఫీజు రీయింబర్స్‌మెంట్, ల్యాబులు, ప్లేస్‌మెంట్లు. ఆ తల్లికి కావాల్సిన సమాచారం వేరు. ఏ బస్సుకు పోవాలి, సాయంత్రం చీకటి పడేలోపు ఇంటికి వస్తుందా, రీయింబర్స్‌మెంట్ కాకుండా చేతి నుంచి ఏడాదికి ఎంత పడుతుంది, నిరుడు చేరినవాళ్లలో ఎంతమంది పాసయ్యారు. ఈ నాలుగింటికీ నిజమైన జవాబులు ఒక కాగితం మీద రాసి, ఆ ఊరి నుంచే ఇప్పటికే మన దగ్గర చదువుతున్న సీనియర్ చేత చెప్పించండి. అలా చేరిన పిల్ల నిలబడుతుంది. టార్గెట్ కోసం మాటలు చెప్పి చేర్చిన పిల్ల దసరా సెలవులకు వెళ్లి తిరిగి రాదు.

ఇంకో ముఖ్యమైన చోటు నెట్ సెంటర్. 2020 నుంచి డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. పాప ఏ గ్రూపులో చేరాలన్నది నెట్ సెంటర్ కుర్చీలో, వెనక పదిమంది క్యూలో ఉండగా, పది నిమిషాల్లో తేలిపోతోంది. 2023-24లో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి కూడా వచ్చింది. మూడు సబ్జెక్టులున్న కాలంలో ఒకటి నచ్చకపోయినా ఇంకోటి ఆదుకునేది. ఈ పద్ధతిలో ఆప్షన్ తప్పు పడితే మూడేళ్లూ దాంతోనే. ప్రభుత్వ జూనియర్ కాలేజీకి మనమే వెళ్లి ఒక పూట కూర్చుని, పిల్లల పక్కన ఉండి ఆప్షన్లు పెట్టిస్తే, అందులో కొందరు వేరే కాలేజీకి పోయినా సరే, మన దగ్గరికి వచ్చినవాళ్లు తెలిసి వస్తారు.

చేరాక మొదటి ఆరు వారాలు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా అనుభవంలో పిల్ల ఉంటుందా పోతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. 2021-22 నుంచి మన డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్ల కామర్స్ క్లాసులో 'డెప్రిసియేషన్' అనే మాట వినగానే ఇదేదో కొత్త పాఠం, నాకు రాదు అనుకుంటుంది. ఆ పిల్ల ఇంటర్‌లో 'తరుగుదల' లెక్కలు నూటికి తొంభై చేసి వచ్చింది! ఆ సంగతి మనం చెప్పం, ఆమె అడగదు. నేను చివరి ఐదారేళ్లు మొదటి నెలంతా బోర్డును రెండుగా గీసి, ఎడమ వైపు తెలుగు మాట, కుడి వైపు ఇంగ్లిష్ మాట రాసేవాణ్ణి. తరుగుదల, డెప్రిసియేషన్. అంకణా, ట్రయల్ బ్యాలెన్స్. ఆస్తి అప్పుల పట్టీ, బ్యాలెన్స్ షీట్. మూడో వారానికి పిల్లల ముఖాల్లో 'ఇది నాకు తెలిసిందే' అన్న వెలుగు కనిపించేది. దీనికి సిలబస్ మార్చనక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

డబ్బు విషయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకప్పుడు కాలేజీ ఖాతాకు వచ్చేది, తర్వాత కొన్నేళ్లు తల్లి ఖాతాకు వచ్చింది. ఏ ఖాతాకు వచ్చినా ఆలస్యమైతే ఆ బరువు పిల్ల మీదే పడుతోంది. 'ముందు బకాయి కట్టు, తర్వాత హాల్‌టికెట్' అని కౌంటర్ దగ్గర నలుగురి ముందు అన్న మాట విని వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచిపోయిన పిల్లల్ని నేను చూశాను. ఏ కాలేజీ అని చెప్పను. అందుకే ఆఫీసువాళ్లను ముందు కూర్చోమన్నాను. అయ్యా, అమ్మా, ఆ మాట పక్కకు పిలిచి చెప్పండి. గడువు వేసి చెప్పండి. మీరు ఒక్క నిమిషం తీసుకుంటే ఒక డిగ్రీ నిలుస్తుంది.

అమెరికాలో అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉంది. పేద పిల్లలు ఎక్కువగా చదివే పెద్ద విశ్వవిద్యాలయం. కొద్దిపాటి బకాయి కోసం పేరు తీసేయాల్సిన పిల్లల లిస్టు తీసి, ఆ చిన్న మొత్తాన్ని తామే జమ చేయడం 2011లో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది నుంచి మార్కులు, కోర్సులు ఎక్కడ గాడి తప్పుతున్నాయో రోజూ కంప్యూటర్‌లో చూసి, వెంటనే పిలిచి మాట్లాడే ఏర్పాటు చేశారు. 2003లో 32 శాతం మందే పట్టా అందుకునే చోట, పదేళ్లు దాటేసరికి అది 54 శాతమైంది. మన దగ్గర అంత నిధి లేదంటారు. పూర్వ విద్యార్థుల సంఘం ఖాతాలో ఎంత ఉందో కనుక్కోండి. మా స్టాఫ్‌లో పద్నాలుగు మందిమి నెలకు రెండు వందలు వేసుకుని ఒక డబ్బా నడిపాం. ఏడాదికి ముప్పై మూడు వేల పైచిలుకు. పరీక్ష ఫీజుల వారంలో దాన్నుంచి పదిహేను, ఇరవై మందికి సర్దేవాళ్లం. ఎక్కువమంది తిరిగి కట్టేవాళ్లు.

బస్సు దగ్గరికి మళ్లీ వస్తాను. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంవాళ్లు తమ రెండేళ్ల కాలేజీల్లో 2007లో ఒక కార్యక్రమం పెట్టారు. అందులో పిల్లలకు ఇచ్చినవాటిలో ముఖ్యమైనవి ఏమిటంటే, నగర రవాణా పాసు, పాఠ్య పుస్తకాలు, మిగిలిన ఫీజు మాఫీ, తరచుగా కలిసి మాట్లాడే ఒక సలహాదారు. లాటరీ పద్ధతిలో పిల్లల్ని రెండు జట్లుగా చేసి మూడేళ్లు గమనించారు. మామూలుగా చదివినవాళ్లలో 22 శాతం మంది పూర్తి చేస్తే, ఈ సాయం అందినవాళ్లలో 40 శాతం మంది పూర్తి చేశారు. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది. పూర్తి చేసినవాళ్ల సంఖ్యతో భాగిస్తే మాత్రం ఒక్కో పట్టాకు అయిన ఖర్చు తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు ఆ కూడేరు అమ్మాయే గుర్తొచ్చింది.

(వెనక వరస నుంచి ఒక అధ్యాపకుడు: 'సార్, సగం పోస్టులు ఖాళీ. గెస్ట్ ఫ్యాకల్టీతో నడుస్తున్నాం. కాలేజీ గుర్తింపు కోసం న్యాక్ ఫైళ్లు కూడా మేమే రాస్తున్నాం. ఈ ఫోన్లన్నీ ఎప్పుడు చేయాలి సార్?')

మీరు అడిగింది న్యాయమే. ఖాళీలు నింపాల్సింది ప్రభుత్వమే, ఆ మాట గట్టిగా అడుగుతూనే ఉండాలి. ఈలోగా మీరు అందరికీ ఫోన్లు చేయొద్దు. వరసగా మూడు రోజులు రాని పిల్లకు, మూడో రోజు సాయంత్రం, ఒక్క ఫోన్. 'ఏమైందమ్మా, ఒంట్లో బాగుందా?' అని. 'ఎందుకు రాలేదు?' అని మొదలుపెట్టకండి. నలభై మంది క్లాసులో రోజుకు ఒకటో రెండో ఫోన్లు అవుతాయి, పది నిమిషాల పని. అడ్మిషన్ రోజునే తల్లి నంబరు, పక్కింటివాళ్లదో మేనమామదో ఇంకో నంబరు రాసి పెట్టుకోండి. పిల్లలు రీచార్జ్ అయిపోతే సిమ్ మార్చేస్తారు. ఇక ప్రిన్సిపాల్ గార్లకు నా విన్నపం. ఏప్రిల్‌లో పది రోజులు కొత్త పిల్లల కోసం స్టాఫ్‌ను ఊళ్లకు పంపుతున్నారు. అందులో మూడు రోజులు తీసి, ఉన్న పిల్లల్లో రానివాళ్ల ఊళ్లకు సెప్టెంబరులో పంపండి. పెట్రోలు ఖర్చు అంతే.

మనకు అప్పగించిన పిల్లల గురించి రాసే మెంటర్ డైరీల మీద కూడా ఒక మాట. న్యాక్ బృందం వచ్చే ముందు వారం కూర్చుని ఏడాది డైరీ ఒకే పెన్నుతో నింపడం మనందరికీ తెలుసు. దాని బదులు నెలకు ఐదు నిజమైన వాక్యాలు రాస్తే చాలు. అవి వచ్చే ఏడాది ఆ పిల్లను తీసుకునే మెంటర్‌కు పనికొస్తాయి.

వలస సంగతి మనకు కొత్తది కాదు. వాన లేని ఏడు ఇల్లంతా బెంగళూరు పోతుంది. ఆదోని, కోసిగి వైపు పనిచేసిన మిత్రులు చెబుతారు, సుగ్గికని, అంటే పంటకోతల కూలికని, పత్తికి, మిరపకాయలకు గుంటూరు వైపు పోతే పిల్లలూ వెంటే. ఆ పిల్లలకు పేరు తీసేయకుండా, తిరిగి వచ్చే తేదీ రాయించుకుని, పాఠాలు ఫోన్‌కు పంపి, ఇంటర్నల్స్ మళ్లీ పెట్టండి. రెండో ఏడులో పెళ్లి కుదిరిన ఆడపిల్లల విషయంలోనూ అంతే. పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చిన రోజునే, పరీక్ష ఫీజు కట్టించి పంపిన మేడం గారు ఒకరు నాకు తెలుసు. 'అల్లుడికి నేను మాట్లాడతాను' అని ఫోన్ తీసుకుని మాట్లాడేవారు కూడా.

ఇక మూడోది, పట్టా చేతికి రావడం. మూడేళ్లూ చదివి, ఒక్క పేపరు మిగిలిపోయి, డిగ్రీ లేకుండా ఉన్నవాళ్లు మన జిల్లాలో ప్రతి మండలంలో ఉన్నారు. 'ఏం చదివావు?' అంటే 'డిగ్రీ' అంటారు, 'పాసయ్యావా?' అంటే తల దించుకుంటారు. వాళ్లను వెతకడం అన్నిటికన్నా తేలిక. రిజల్ట్స్ వచ్చిన రోజున, బ్యాక్‌లాగులు ఎన్ని ఉన్నాయన్న వరసలో లిస్టు పేర్చండి. ఒక్క పేపరున్నవాళ్లు పైన వస్తారు. సప్లిమెంటరీ నోటిఫికేషన్ వెబ్‌సైట్‌లో పడితే వాళ్లకు తెలియదు, పాత వాట్సాప్ గ్రూపులోంచి ఎప్పుడో బయటికి వెళ్లిపోయారు. ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. గడువు దాటినవాళ్లకు మళ్లీ రాసే వన్ టైమ్ ఛాన్స్ ఇచ్చినప్పుడైతే తప్పకుండా చేయండి. ర్యాంకులు కావాలనుకునే యాజమాన్యాలకు చెబుతున్నాను, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో కాలేజీలకు నూటికి ఇరవై ఐదు మార్కుల బరువు పట్టాల ఫలితాలదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు బకాయి కోసం ఆపి పెట్టుకోవద్దని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. అది కూడా మీ ఆఫీసు గోడకు అంటించండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. మేం వాళ్ల ఇంటికి వెళ్లాం, నేనూ మా అటెండరూ. ఆ అమ్మాయి ముందు నేను తప్పు ఒప్పుకున్నాను. అప్పటికి మొదటి సెమిస్టర్ పరీక్షలు సగం అయిపోయాయి. తక్కినవి రాసింది, పోయినవి తర్వాత సప్లిమెంటరీలో రాసింది. పట్టా తీసుకుంది. మేం టైమ్‌టేబుల్‌ను అరగంట ఆలస్యంగా మొదలయ్యేలా జరపడానికి మరుసటి జూన్ దాకా పట్టింది, అందుకు నాకు ఇప్పటికీ బాధే. బస్సు విషయం మాత్రం డిపో మేనేజర్ గారికి ఉత్తరం రాస్తే మూడు వారాల్లో తేలింది. ఎనిమిది మంది పిల్లల పేర్లు, వాళ్ల ఊళ్లు, పాసు నంబర్లు, బస్సు ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చిందో రెండు వారాల లెక్క, అన్నీ రాసి ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఇచ్చాం. ఆ లెక్క పిల్లలే రాసిచ్చారు.

ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది. యాభై కాపీలు జిరాక్స్ తీయించి తెచ్చాను, గుమ్మం పక్కన బల్ల మీద పెట్టారు. డిపో పేరు, ఊళ్ల పేర్లు మార్చుకుంటే మీకూ పనికొస్తుంది. పోతూ పోతూ తలా ఒకటి తీసుకోండి.